విదేశం అంటే డాలరేనా?

మా ఇంట్లో రెండు నెలలపాటు ఒక మౌనం నడిచింది. గొడవ కాలేదు, ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఫోన్లు మాత్రం తగ్గిపోయాయి. దానికి కారణం ఒక ఎక్సెల్ షీట్‌లో, ఒక కాలమ్‌లో, అంకెల ముందున్న ఒక చిన్న గుర్తు. ఆ గుర్తు పెట్టింది నేనే. అందుకే ఈ వ్యాసం ఎవర్నో తిట్టడానికి రాయట్లేదు. నేను చేసిన తప్పు మన బ్రాంచ్‌లో చాలామంది రోజూ చేస్తున్నారని నా అభిప్రాయం. అది చెప్పడానికే రాస్తున్నా.

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఇంత పెద్దది రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సీనియర్లు దిద్దుతామన్నారు. ఇంకా మిగిలితే అవి వాళ్లవే!

మాది నిడమనూరు. మిర్యాలగూడ నుంచి హాలియా పోయే దారిలో వస్తుంది. సాగర్ ఎడమ కాలువ నీళ్లు, వరి పొలాలు, పంట చేతికొస్తే మిర్యాలగూడ రైస్‌మిల్లులు. నాన్న వ్యవసాయం చేస్తాడు. నాన్నకు ఒక తమ్ముడు, ఒక చెల్లెలు. బాబాయి కువైట్‌లో డ్రైవర్. చిన్నమ్మ పిల్లల చదువుల కోసం కోదాడలో ఉంటుంది. అత్తమ్మ వాళ్లు అమెరికాలో, డల్లాస్ దగ్గర. తాతయ్య, నాయనమ్మ ఉండే పెంకుటిల్లు వానొస్తే ఉరుస్తోందని, ఉన్న రాతి గోడల మీదే స్లాబు వేసి, వెనక ఇంకో గది కట్టాలని 2024లో ముగ్గురూ అనుకున్నారు. తలా ఇంత అని ఎవరూ గీత గీయలేదు. ఎవరికి వీలైనంత వాళ్లు పెట్టాలి, అంతే.

డబ్బులన్నీ నాన్న చేతికి రాలేదు. అత్తమ్మ మిర్యాలగూడలో సామాను ఇచ్చిన షాపుకు నేరుగా పంపించేది. బాబాయి చిన్నమ్మ అకౌంట్‌కు పంపితే, చిన్నమ్మ మేస్త్రికి, సిమెంటుకు కట్టేది. ఫోన్‌లో ‘ఇంత పంపిన అన్నా’ అని చెప్తే నాన్న ఒక నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. చెల్లె 500 డా. తమ్ముడు 150 కు. నేను 20,000 రూ. ‘డా’ అంటే డాలర్లు, ‘కు’ అంటే కువైట్‌వి. నాన్నకు మాత్రమే తెలిసిన షార్ట్‌కట్లు.

నేను అప్పుడే ఫస్టియర్‌లో పైథాన్ నేర్చుకుంటున్నా. ఓపెన్‌పైఎక్సెల్ లైబ్రరీతో స్క్రిప్ట్ రాస్తే షీట్ దానంతటదే తయారవుతుందని కొత్తగా తెలిసింది. ఏదో ఒకటి చేసి చూపించాలని చేతులు దురద. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకుని మొత్తం టైప్ చేసి, స్క్రిప్ట్ రన్ చేసి, ఫ్యామిలీ గ్రూప్‌లో షీట్ పెట్టా. హెడ్డింగ్ నీలం రంగు, లైన్ మార్చి లైన్ బూడిద రంగు. చూడ్డానికి బ్యాంకు స్టేట్‌మెంట్ లెక్క ఉంది.

ఆ మొదటి షీట్‌లో అన్ని అంకెలకూ ఒకటే ఫార్మాట్ ఇచ్చా, రూపాయి గుర్తుతో. అందులో అత్తమ్మ మొత్తం ₹2,000. బాబాయి మొత్తం ₹620. గ్రూప్‌లో అందరూ పడీపడీ నవ్వారు. ‘రెండు వేలకు నాకు ఏ గది ఇస్తర్రా?’ అని అత్తమ్మ వాయిస్ మెసేజ్ పెట్టింది. బాబాయి నవ్వే బొమ్మ పెట్టాడు. నాకు పరువు పోయింది గానీ ఎవరికీ నష్టం జరగలేదు. తప్పు ఎంత పెద్దగా ఉందంటే, దాన్ని ఎవరూ నమ్మలేదు.

అసలు నష్టం రెండో షీట్‌తో జరిగింది. పది నిమిషాల్లో సరిచేస్తానని కూర్చుని, ఒక ఇఫ్ కండిషన్ రాశా. నోట్‌బుక్‌లో ‘రూ’ ఉంటే రూపాయి గుర్తు. ఎల్స్, అంటే కాకపోతే, డాలర్ గుర్తు. ఆ తర్వాత ‘గుర్తు సెల్‌లోనే కనిపిస్తోంది కదా, ఇంకా ఈ కాలమ్ ఎందుకు’ అనుకుని డా, కు ఉన్న కాలమ్‌నే తీసేశా. షీట్ నీట్‌గా వచ్చింది. నాన్న ₹1,50,000. అత్తమ్మ $2,000. బాబాయి $620.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే ఇది నిజంలా ఉంది.

లెక్క చూడండి. ఆ రోజుల్లో అమెరికా డాలర్ 83 రూపాయల దగ్గరుంది. కువైట్ దినార్ 270 దాటింది. సులువుకు 83, 270 అనుకుందాం. అత్తమ్మ పెట్టింది 1,66,000 రూపాయలు. బాబాయి పెట్టింది 1,67,400 రూపాయలు. అంటే ముగ్గురిలో అందరికంటే ఎక్కువ పెట్టింది బాబాయి. నా షీట్ ప్రకారం బాబాయివి 620 డాలర్లు, అంటే 51,460 రూపాయలు. మూడింట రెండు వంతులకు పైగా మాయం. ఒక్క పైసా కూడా ఎవరూ తినలేదు. అంకె కూడా మారలేదు. 620 అన్నది కరెక్టే. దాని ముందు గుర్తు ఒక్కటే తప్పు.

మాఘమాసంలో పాలు పొంగించారు. ముందువైపు రెండు పెద్ద గదులు, వెనక ఒక చిన్న గది. తాతయ్య వాళ్లది ఒక పెద్ద గది. రెండోది పండగలకు వచ్చినప్పుడు ఎవరికి అన్న మాట వచ్చింది. నాన్న నా షీట్‌ను జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి జేబులో పెట్టుకున్నాడు. ‘చెల్లె ఎక్కువ పెట్టింది, ముందు గది దానికి. తమ్ముడు ఏదో తనకు కుదిరింది పెట్టిండు, వెనక గది చాలు’ అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, తమ్ముణ్ని తక్కువ చేయాలని కాదు. చిన్నమ్మ అక్కడే అన్నాలు వడ్డిస్తోంది. ఏం అనలేదు. సాయంత్రం బస్సుకు కోదాడ వెళ్లిపోయింది.

ఉగాది ముందు నాకు చిన్నమ్మ నుంచి ఫోన్ వచ్చింది. నాన్నకు చేయలేదు, బావగారిని లెక్కలు అడగడం ఏం బాగుంటుందని. ‘ఆ షీట్ నువ్వే కదరా చేసింది? మీ బాబాయి డాలర్లు ఎప్పుడు పంపిండురా?’ అంది. అంతే. కోపంగా కూడా అనలేదు. నాకు వెంటనే అర్థమైంది. నోట్‌బుక్‌లోని ‘కు’ కళ్ల ముందు కనబడింది.

తర్వాత బాబాయిని అడిగా, నువ్వైనా చెప్పొచ్చు కదా అని. ‘చూసిన రా. అన్న అట్లనే రాసుకున్నడేమో అనుకున్న. అడిగితే డబ్బుల కోసం అడిగినట్టుంటది’ అన్నాడు. నాన్నను అడిగితే ఆయన మాట ఇంకా గుచ్చుకుంది. ‘నా పుస్తకంల కువైట్ అనే ఉంది. కానీ కంప్యూటర్ల డాలర్ అని వచ్చింది కదా, నేనే తప్పు రాసుకున్ననేమో అనుకున్న’ అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ నోట్‌బుక్ మీదే కుటుంబం లెక్కలన్నీ నడిపిన మనిషి, నా నీలం రంగు హెడ్డింగ్ చూసి తన చేతిరాతను అనుమానించాడు.

ఇప్పుడు మన సబ్జెక్టుకు వస్తా. ఎక్సెల్‌లో సెల్ విలువ వేరు, దాని ఫార్మాట్ వేరు. ఇది మనకు తెలిసినట్టే ఉంటుంది గానీ తెలీదు. ఒకసారి ఏదైనా ఎక్సెల్ ఫైల్ కాపీ తీసుకుని, పేరు చివర ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ తీసేసి జిప్ అని పెట్టి తెరవండి. లోపల ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు ఉంటాయి. షీట్ ఫైల్‌లో ఉత్త 620 ఉంటుంది. స్టైల్స్ అనే వేరే ఫైల్‌లో ‘దీన్ని ఇలా చూపించు’ అన్న సూచన ఉంటుంది. డాలర్ గుర్తు ఆ రెండో ఫైల్‌లోది. అంటే ఎక్సెల్ దృష్టిలో 620 డాలర్లూ, 620 దినార్లూ, 620 బస్తాల వడ్లూ ఒకటే. ఫార్మాట్ మారిస్తే విలువ మారదు, మారకం రేటు కట్టదు, తప్పు ఉందని హెచ్చరించదు. సమ్ ఫార్ములా రాస్తే మూడింటినీ కలిపేసి చూపిస్తుంది కూడా.

దీనికి కొందరు ఇంకో దారి పడతారు. గుర్తును, అంకెను కలిపి టెక్స్ట్‌గా రాసేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అది ఇక అంకె కాదు, సెల్‌లో ఎడమవైపుకు అతుక్కుని కూర్చుంటుంది. సమ్ దాన్ని పట్టించుకోదు. టోటల్ సున్నా వస్తుంది, లేదా కొన్ని అంకెలే కలిసి సగం టోటల్ వస్తుంది. సున్నా వస్తే అదృష్టం. సగం వస్తేనే ప్రమాదం, ఎందుకంటే అది మళ్లీ నిజంలా ఉంటుంది.

సరే, గుర్తు జాగ్రత్తగా పెడితే చాలా? చాలదు. డాలర్ గుర్తు ఒక్క దేశానిది కాదు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్, అందరిదీ అదే $. మన సీనియర్లలో ఎంతమంది మెల్‌బోర్న్, టొరంటో వెళ్తున్నారో చూస్తున్నాం కదా. అమెరికా డాలర్ 83 ఉన్న రోజుల్లో కెనడా డాలర్ 61 దగ్గర, ఆస్ట్రేలియా డాలర్ 55 దగ్గర ఉన్నాయి. ఎక్సెల్ ఫార్మాట్‌లో [$$-409] అని రాస్తే ఆ 409 అమెరికా ఇంగ్లిష్‌కు కోడ్. [$₹-4009] లో 4009 ఇండియా ఇంగ్లిష్‌కు. కానీ ఆ కోడ్ ఫైల్ లోపల దాక్కుంటుంది. ప్రింట్ చూసే మా నాన్నకు కనబడేది $ మాత్రమే.

పేర్లు కూడా కాపాడవు. సౌదీవి రియాళ్లు, ఖతర్‌వి రియాళ్లు, ఒమన్‌వి కూడా రియాళ్లే. సౌదీ రియాల్ 22 రూపాయల చుట్టుపక్కల ఉన్నప్పుడు ఒమన్ రియాల్ 215 రూపాయల చుట్టుపక్కల ఉంటుంది. ఒకటే పేరు, దాదాపు పది రెట్లు తేడా. అందుకే ఐఎస్‌ఓ 4217 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ప్రతి కరెన్సీకి మూడక్షరాల కోడ్ ఉంది. మనది ఐఎన్‌ఆర్, అమెరికాది యూఎస్‌డీ, కువైట్‌ది కేడబ్ల్యూడీ. గుర్తు అందం కోసం, కోడ్ నిజం కోసం అనుకోవాలి.

ఇంకోటి, పాయింట్ తర్వాత ఎన్ని అంకెలు అన్నది. మనం కళ్లు మూసుకుని రెండు సున్నాలు పెడతాం, పైసలకు అలవాటుపడి. కానీ కువైట్ దినార్‌లో 1000 ఫిల్సులు. బహ్రెయిన్ దినార్, ఒమన్ రియాల్ కూడా అంతే, వెయ్యి భాగాలు. వాటికి పాయింట్ తర్వాత మూడంకెలు కావాలి, #,##0.000 అని. జపాన్ యెన్‌కు అసలు పాయింటే అక్కర్లేదు. ‘చిల్లరను పూర్ణాంకంగా దాచుకోవాలి, కాబట్టి దేన్నైనా 100తో గుణించు’ అని కోడ్ రాస్తే రూపాయికి, డాలర్‌కు సరిపోతుంది. దినార్ దగ్గర పదో వంతు అయిపోతుంది. ఆ రాసినవాడు చెడ్డవాడేం కాదు. వాడికి తెలిసిన డబ్బు రెండంకెలది, అంతే.

ఇక్కడే నా అసలు అభిప్రాయం ఉంది. డిఫాల్ట్ అనేది కూడా ఒక అభిప్రాయమే. మన టెక్స్ట్‌బుక్ ఉదాహరణల్లో డబ్బు అంటే డాలర్. ల్యాబ్ ప్రోగ్రాముల్లో జీతం డాలర్లలో. హాస్టల్‌లో విదేశం అనగానే అమెరికా. నేను ఆ ఎల్స్‌లో డాలర్ పెట్టినప్పుడు ఆలోచించి పెట్టలేదు, చెయ్యి దానంతటదే పోయింది. కానీ తెలుగువాళ్లకు విదేశం అంటే ఎప్పుడూ అమెరికా ఒక్కటే కాదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు ఊళ్లకు దుబాయి, సౌదీ, మస్కట్. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇళ్లలో పని చేయడానికి వెళ్లిన ఆడవాళ్లు ఎంతమందో. మా వైపు తక్కువే గానీ, మా బాబాయిలాంటి వాళ్లు ఉన్నారు. మన కోడ్‌లో ఎల్స్ అంటే మనం ఆలోచించని మనుషులు వచ్చి పడే చోటు. మా ఇంట్లో అక్కడ పడింది బాబాయి.

ఈ కథంతా తాతయ్యకు చెప్తే ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. ‘మా చిన్నప్పుడు రూపాయే రెండు రకాలు ఉండె’ అన్నాడు. నాకు అస్సలు తెలీదు ఈ సంగతి. నిజాం రాజ్యంలో ఉన్న మన వైపు హాలీ సిక్కా నడిచేది. బ్రిటిష్ వాళ్ల రూపాయిని కల్దారు అనేవారు. రెండూ రూపాయే, కానీ ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దారు. కృష్ణ దాటితే, కోదాడ దాటి జగ్గయ్యపేట వైపు పోతే, కల్దారే. హైదరాబాద్ రాష్ట్రం ఇండియాలో కలిశాక కూడా హాలీ వెంటనే పోలేదు, 1959 దాకా చెల్లింది. ‘మరి లెక్కలెట్ల రాసేవాళ్లు తాతా?’ అంటే, ‘ఏముంది, హాలీ అయితే హాలీ అని, కల్దారైతే కల్దారు అని పక్కన రాసేది. అట్ల రాయనోడు మోసపోతడు, లేకుంటే మోసం చేస్తడు’ అన్నాడు. నేను రెండు రోజులు డాక్యుమెంటేషన్ చదివి నేర్చుకున్నది మా తాతయ్య ఒక్క ముక్కలో చెప్పేశాడు.

ఇంకో వింత కూడా తర్వాత చదివి తెలుసుకున్నా. ఒకప్పుడు కువైట్‌లో నడిచింది మన రూపాయే. 1959లో రిజర్వ్ బ్యాంక్ గల్ఫ్ దేశాల కోసం ప్రత్యేకంగా గల్ఫ్ రూపాయి నోట్లు తెచ్చింది. 1961లో కువైట్ సొంత దినార్ తెచ్చుకుంది. మార్చుకున్నప్పుడు ఒక దినార్‌కు పదమూడు రూపాయల చిల్లర. అదే దినార్ ఇప్పుడు 270 పైన. అంకె ఒక్కటే చూస్తే ఏం తెలుస్తుంది? ఏ డబ్బు, ఏ రోజు రేటు, రెండూ పక్కన ఉంటేనే అంకెకు అర్థం. మన ₹ గుర్తు కూడా 2010 జూలై 15నే ఆమోదం పొందింది, డిజైన్ ఉదయ కుమార్‌ది. అంతకుముందు రాసిన ఇంగ్లిష్ ‘ఆర్‌ఎస్’ పాకిస్తాన్‌కూ, శ్రీలంకకూ, నేపాల్‌కూ కూడా వాడతారు. మనది మనదని తెలియడానికే కదా కొత్త గుర్తు తెచ్చుకుంది. అలాంటిది ఇంకొకళ్ల డబ్బును మాత్రం డాలర్ గుర్తు కింద కలిపేస్తే ఎలా?

దీనికి నా ఫ్రెండ్స్ రెండు అభ్యంతరాలు చెప్పారు. మొదటిది, ‘ఇంత ఎందుకు, అన్నీ రూపాయల్లోకి మార్చి ఒకటే కాలమ్ పెట్టు’ అని. నేనూ అలాగే అనుకున్నా. కానీ ఏ రోజు రేటుతో? అత్తమ్మ నాలుగుసార్లు పంపింది, నాలుగు రోజుల్లో నాలుగు రేట్లు. రూపాయల విలువ నేను లెక్కగట్టింది. 620 దినార్లు బాబాయి నిజంగా పంపింది. లెక్కగట్టినదాన్ని ఉంచుకుని అసలుదాన్ని పారేస్తే, రేపు తప్పు దొరికినా దిద్దడానికి ఆధారం ఉండదు. నేను యూనిట్ కాలమ్ తీసేసినప్పుడు జరిగింది అదే. నాన్న నోట్‌బుక్ చిరిగిపోయి ఉంటే ఈ రోజుకీ మాకు నిజం తెలిసేది కాదు.

రెండో అభ్యంతరం, ‘ఇది ఇంటి షీట్, ఎవడు పట్టించుకుంటాడు, కంపెనీలో అయితే టెస్టింగ్ టీమ్ ఉంటుంది’ అని. నేను సరిగ్గా దీనికి రివర్స్ అనుకుంటున్నా. కంపెనీలో తప్పు జరిగితే అడిగేవాళ్లు ఉంటారు. ఆడిట్ ఉంటుంది. ఇంట్లో అడిగేవాళ్లు ఉండరు. అడిగితే బాగుండదని నోరు మూసుకునే బాబాయిలు, వడ్డిస్తూ విని బస్సెక్కి వెళ్లిపోయే చిన్నమ్మలు ఉంటారు. ఎవరూ ఎదురు అడగని చోటే మనం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

ఇప్పుడు నా స్క్రిప్ట్ ఎలా ఉందో చెప్తా, ఎవరికైనా పనికొస్తే వాడుకోండి. ఒక్కో వరుసలో తేదీ, పేరు, పంపిన మొత్తం, కరెన్సీ కోడ్, ఆ రోజు రేటు, రూపాయల్లో ఎంత, ఇన్ని కాలమ్‌లు. పంపిన మొత్తం ఉత్త అంకె, టెక్స్ట్ కాదు. ఒక డిక్షనరీలో కోడ్‌కు ఫార్మాట్ రాసుకున్నా. రూపాయికి, డాలర్‌కు పాయింట్ తర్వాత రెండు, దినార్‌కు మూడు. ఫార్మాట్‌లో గుర్తుకు బదులు మూడక్షరాల కోడే కనబడేలా పెట్టా, ఎక్సెల్ దాన్ని ఒప్పుకుంటుంది. సమ్ ఫార్ములా రూపాయల కాలమ్‌కు మాత్రమే. పంపిన మొత్తం కాలమ్ కింద టోటల్ ఖాళీగా వదిలేశా, ఎందుకంటే డాలర్లను దినార్లతో కలిపితే వచ్చేదానికి పేరు లేదు. అన్నిటికంటే ముఖ్యం, డిక్షనరీలో లేని కోడ్ వస్తే స్క్రిప్ట్ ఆగిపోయి ‘ఇదేంటో నాకు తెలీదు’ అంటుంది. తెలియనప్పుడు ఊహించకుండా ఆగిపోవడం స్క్రిప్ట్‌కు నేర్పా. నాకు ఇంకా పూర్తిగా రాలేదు.

కామాల సంగతి కూడా ఉంది. నా ల్యాప్‌టాప్‌లో రీజియన్ అమెరికా అని ఉంటే 167,400 అని చూపించింది. రీజియన్ ఇండియాకు మారిస్తే అదే ఫైల్ 1,67,400 అంది. ఫార్మాట్‌లో కామా ఒకటే, అది ఎక్కడ పడాలో తెరిచిన కంప్యూటర్ సెట్టింగ్ చెప్తుంది. మా నాయనమ్మకు నూట అరవై ఏడు వేలు అంటే ఎక్కదు, లక్షా అరవై ఏడు వేలు అనాలి. ఏ కంప్యూటర్‌లో తెరిచినా లక్షల్లో కనబడాలంటే ఇలా రాయొచ్చు:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

కోటి దాటితే ఒక తీరు, లక్ష దాటితే ఒక తీరు, మిగతావి మామూలుగా. ఎక్సెల్ ఇలాంటి షరతులు రెండే ఒప్పుకుంటుంది, కాబట్టి మైనస్ అంకెలకు ఇది పనిచేయదు. మన పద్ధతికి ఇంత తంటా పడాలి. అయినా పడాలి. చదివేవాళ్లు మా నాయనమ్మ అయినప్పుడు, షీట్ ఆమె లెక్కలోనే ఉండాలి.

ఉగాది రోజు కొత్త షీట్ గ్రూప్‌లో పెట్టా. కింద ఒక లైన్ రాశా, పాత షీట్‌లో తప్పు నాది, నాన్నది కాదు, బాబాయిది కాదు అని. నాన్న చాలాసేపు ఫోన్ పట్టుకుని చూశాడు. మర్నాడు పొద్దున్నే చెప్పకుండా కోదాడ బస్సెక్కాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. సాయంత్రం వచ్చాక ముందు గది తాళంచెవి ఒకటి చిన్నమ్మకు ఇచ్చొచ్చానని నాయనమ్మతో అన్నాడు. అత్తమ్మ ‘నాకు వెనక గదే ఇష్టం, చెట్టు కనబడతది’ అని మెసేజ్ పెట్టింది. ఆ గది కిటికీలోంచి చెట్టు కనబడదు. అందరికీ తెలుసు.

బాబాయి మాత్రం రాత్రి నాకు విడిగా ఒక మెసేజ్ పెట్టాడు. నేను షీట్‌లో 620.000 అని మూడు సున్నాలు పెట్టాను కదా, అది చూశాడట. ‘మూడు సున్నాలు ఉంటయని నీకెట్ల తెలుసురా? ఇక్కడ జీతం కాగితం మీద ఇట్లనే ఉంటది’ అన్నాడు.